ముక్కు మీద గీత

చిన్నూ, బుజ్జీ,

మొన్న పాత ఫొటోలు చూస్తూ, "అమ్మమ్మా, నీ ముక్కు మీద ఆ ఎర్ర గీతేంటి? ఎందుకంత కోపంగా ఉన్నావు?" అని అడిగారు. అప్పుడు మాట దాటేశాను. ఆ గీత మాస్కు నొక్కుకుని పడ్డ గుర్తు. ముఖంలో కనిపించేది కోపం కాదమ్మా, తలనొప్పి. ఫోన్లో చెబితే సగమే అర్థమవుతుందని ఉత్తరం రాస్తున్నాను.

అది 2020 జూలై. నేను రిటైరవడానికి ఇంకా ఏడాది ఉంది. నర్సుగా కోవిడ్ వార్డులో డ్యూటీ. ఒళ్ళంతా కప్పే తెల్ల సూటు, రెండు జతల గ్లౌజులు, ఎన్95 మాస్కు, గాగుల్స్, పైన ఫేస్ షీల్డ్. మాస్కు పక్కల నుంచి గాలి దూరకూడదు కాబట్టి పట్టీలు బిగుతుగానే ఉండాలి. వాటి మీద గాగుల్స్ పట్టీ, ఆ మీద షీల్డ్ పట్టీ. ఒకసారి వేసుకుంటే ఆరు గంటలు తీయడానికి లేదు. నీళ్ళు లేవు, బాత్‌రూమ్ లేదు.

లంగా బొందు గట్టిగా కడితే నడుం మీద ఎర్రగా చార పడుతుంది చూశారా? తలకీ అంతే. నుదురు, కణతలు, తల వెనక భాగం, ఈ మూడు చోట్లా చర్మం కిందే నరాలుంటాయి. పట్టీలు వాటినే నొక్కుతాయి. గంట తిరగకుండానే కణతల దగ్గర సలుపు మొదలయ్యేది. ఉత్త ఒత్తిడి వల్ల వచ్చిన నొప్పయితే, పట్టీలు తీసిన గంటలోపే పోవాలి. నాకు ముందు నుంచే మైగ్రేన్ ఉంది. దానికి దాహం, ఆకలి, నిద్రలేమి తోడై, ఇంటికొచ్చాక కూడా వదిలేది కాదు. మీరు వీడియో కాల్ చేస్తే ఎత్తకుండా, లైటార్పి పడుకున్నది ఆ రోజుల్లోనే.

పెద్దవాళ్ళొకరికి చెబితే, "అంతా టెన్షనమ్మా" అన్నారు. ముప్పై ఏళ్ళ సర్వీసు చేసి ఈ మాత్రం తట్టుకోలేకపోతున్నానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. నొప్పికన్నా ఆ మాటే ఎక్కువ బాధపెట్టింది.

ఒకరోజు మా వార్డులో చిన్న నర్సు ఫోన్లో ఒక అధ్యయనం చూపించింది. సింగపూర్‌లో ఆ ఏడాది మొదట్లోనే 158 మంది ఆస్పత్రి సిబ్బందిని అడిగారట. వాళ్ళలో 128 మందికి ఇలాంటి రక్షణ కిట్ల వల్ల కొత్తగా తలనొప్పి వచ్చింది. ముందే తలనొప్పి ఉన్నవాళ్ళకీ, రోజుకి నాలుగు గంటలకు మించి వేసుకునేవాళ్ళకీ ఇంకా ఎక్కువ. అది చదివి ఇద్దరం మెట్ల మీద కూర్చుని ఏడ్చాం. నా నొప్పి నిజమేనని ఎక్కడో ఎవరో రాసి పెట్టారు!

టెన్షన్ లేదని కాదు. ముఖం కనపడదని మా పేర్లు సూటు మీద మార్కర్‌తో రాసుకునేవాళ్ళం. ఒక తాతగారికి చూపు ఆనేది కాదు, గొంతు విని "తల్లీ, నువ్వేనా?" అనేవారు. ఒక రాత్రి డ్యూటీకి వెళ్ళేసరికి ఆ మంచం ఖాళీ. గాగుల్స్ లోపల కన్నీళ్ళొస్తే తుడుచుకోలేం తెలుసా? అద్దం మసకబారుతుంది, ఆ మసకలోనే ఇంకొకరికి సూది వెయ్యాలి. అలాంటి రాత్రి తలనొప్పి పట్టీలదా, మనసుదా అని విడదీయలేం.

తర్వాత కొన్ని మార్చుకున్నాం. కిట్ వేసుకునే ముందు కడుపునిండా తిని, నీళ్ళు తాగేవాళ్ళం. అడగ్గా అడగ్గా డ్యూటీ నాలుగు గంటలకి తగ్గించారు. రోజూ నొప్పి మాత్ర మింగడం మానేశాను, అదే అలవాటైతే ఆ మాత్రే తలనొప్పి తెచ్చిపెడుతుంది. కిట్ విప్పాక పది నిమిషాలు అందరం కలిసి కూర్చునేవాళ్ళం. ఎవరికి ఏడుపొస్తే వాళ్ళు ఏడ్చేవాళ్ళు. ఇప్పుడైతే 14416కి ఫోన్ చేస్తే, మనసు బాగోనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు. మొన్న మీ పిన్నికి నైట్ డ్యూటీలు పడ్డప్పుడు ఆ నంబరు నేనే ఇచ్చాను.

ఆ గాగుల్స్ ఇంకా నా బీరువాలోనే ఉన్నాయి. వేసవి సెలవులకి వచ్చినప్పుడు ఇస్తాను, పెట్టుకుని చూడండి.

మీ అమ్మమ్మ