నిల్వ కేంద్రాల లైన్లకు రక్షణ: అపోహలు - వాస్తవాలు

కర్నూలు చుట్టుపక్కల సబ్‌స్టేషన్లలో రిలేలను (లైనులో లోపాన్ని పసిగట్టి బ్రేకర్‌ను తెరిపించే పరికరాలను) పరీక్షించడం నా వృత్తి. గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సౌర పార్కు, పాణ్యం మండలం పిన్నాపురంలో 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కేంద్రం (నీటిని పైకి తోడి నిల్వ చేసి, మళ్లీ కిందికి వదిలి కరెంటు తీసేది) వచ్చాక, ఇలాంటి కేంద్రాలు, బ్యాటరీ కేంద్రాలు వంటి విద్యుత్ నిల్వ కేంద్రాల లైన్ల గురించి తోటివారు నన్ను చాలా అడుగుతున్నారు. వారి ప్రశ్నల వెనుక తరచు కనిపించే అపోహలు ఇవి.

అపోహ: అంత పెద్ద బ్యాటరీ కేంద్రం ఉంది, లైనులో ఫాల్ట్ (తీగలు ఒకదానికొకటి లేదా నేలకు తగలడం వంటి లోపం) వస్తే కరెంటు వరదలా వస్తుంది, రిలే వెంటనే పసిగడుతుంది.

వాస్తవం: బ్యాటరీ ర్యాకుల మధ్య డీసీ వైపు ఆ భయం నిజమే. లైను వైపు మాత్రం డీసీని ఏసీగా మార్చే ఇన్వర్టర్ అడ్డుగా ఉంటుంది. తనలోని సెమీకండక్టర్ స్విచ్‌లు కాలిపోకుండా అది కరెంటును పూర్తి లోడుకు 1.1 నుంచి 1.5 రెట్ల లోపే కట్టడి చేస్తుంది. థర్మల్ కేంద్రంలోని జనరేటర్ తొలి క్షణాల్లో ఐదారు రెట్లు ఇస్తుంది. అందుకే బ్యాటరీ చివర ఉన్న, కరెంటు హద్దు దాటితేనే స్పందించే ఓవర్‌కరెంట్ రిలేకు ఫాల్ట్ కూడా మామూలు లోడులాగే కనిపిస్తుంది.

అపోహ: డిస్టెన్స్ రిలే (వోల్టేజీ, కరెంటుల నిష్పత్తిని ఓముల్లో కొలిచి ఫాల్ట్ ఎంత దూరంలో ఉందో అంచనా వేసేది) పెడితే ఇక దిగులు లేదు.

వాస్తవం: నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ నమ్మకమే. మన నేల రాతి నేల. వేసవిలో తెగిన కండక్టర్ ఎండిన నాపరాతి మీద పడితే నిరోధం బాగా ఎక్కువ. అది 10 ఓములే అనుకుందాం. బ్యాటరీ వైపు నుంచి ఒక వంతు కరెంటు, గ్రిడ్ వైపు నుంచి తొమ్మిది వంతులు ఆ ఫాల్ట్‌లోకి వస్తే, బ్యాటరీ చివరి రిలే దాన్ని దాదాపు 100 ఓములుగా కొలుస్తుంది. లైను మధ్యలోని ఫాల్ట్ తన పరిధి దాటినట్టు దానికి తోస్తుంది. పైగా ఇన్వర్టర్ కరెంటు కోణం దాని కంట్రోలర్ సాఫ్ట్‌వేర్‌ను బట్టి మారుతుంది, కాబట్టి కొలత ఇంకా తప్పుతుంది.

ఇలాంటి లైనుకు నేను మొదట అడిగేది డిఫరెన్షియల్ రిలే. రెండు చివరల కరెంట్లనూ ఆప్టికల్ ఫైబర్ ద్వారా పోల్చుతుంది కాబట్టి, ఒక చివర బలహీనంగా ఉన్నా రెండో చివరి కరెంటు తేడాను పట్టిస్తుంది. ఫైబర్ తెగితే ఏమిటన్నది కూడా ముందే ఆలోచించాలి. గ్రిడ్ చివరి డిస్టెన్స్ రిలే ఫాల్ట్‌ను చూడగానే వేరే మార్గంలో బ్యాటరీ చివరికి ట్రిప్ సంకేతం (బ్రేకర్ తెరవమనే ఆదేశం) పంపే ఏర్పాటు ఉండాలి.

అపోహ: నెగటివ్ సీక్వెన్స్ కరెంటుతో (మూడు ఫేజుల మధ్య సమతుల్యం తప్పినప్పుడు కనిపించే భాగంతో) ఫాల్ట్ ఏ దిశలో ఉందో చెప్పే రిలేలను యథాతథంగా వాడుకోవచ్చు.

వాస్తవం: ఇన్వర్టర్ ఆ కరెంటును అణచివేయవచ్చు. ఇంజినీర్ల అంతర్జాతీయ సంస్థ ఐఈఈఈ తెచ్చిన 2022 నాటి 2800 ప్రమాణం దాన్ని ఇవ్వాలని కోరుతుంది, పాత యంత్రాలు ఇస్తాయన్న హామీ లేదు. ట్రాన్స్‌ఫార్మర్ లైను వైపు స్టార్ వైండింగ్‌కు ఎర్తింగ్, రెండో వైపు డెల్టా ఉంటే, భూమితో కలిసిన ఫాల్ట్‌లకు జీరో సీక్వెన్స్ కరెంటు (భూమి గుండా తిరిగివచ్చే భాగం) ఎక్కువ నమ్మకమైనది.

అపోహ: పంప్డ్ స్టోరేజీకి ఈ చిక్కులేవీ ఉండవు.

వాస్తవం: అక్కడి సింక్రనస్ యంత్రం (గ్రిడ్ ఫ్రీక్వెన్సీకి తగ్గ వేగంతో తిరిగే జనరేటర్) ఫాల్ట్ సమయంలో కరెంటు బాగానే ఇస్తుంది. కానీ పంపుగా నడిచేటప్పుడు అది ఎదురుదిశలో తిరుగుతుంది, ఫేజుల వరుస మారుతుంది. యంత్రం వైపు రిలేలకు ఆ మార్పు తెలియాలి.

అపోహ: గ్రిడ్ వైపు బ్రేకర్ తెరిస్తే లైనులో కరెంటు లేనట్టే.

వాస్తవం: లైన్‌మెన్ సోదరులకు ముఖ్యంగా చెబుతున్నాను. అవతలి చివర బ్యాటరీ కేంద్రం ఆ లైనుకు ఇంకా వోల్టేజీ ఇస్తూ ఉండవచ్చు. రెండు వైపులా బ్రేకర్లు, ఐసొలేటర్లు తెరిచి తాళాలు వేసి, వోల్టేజీ లేదని డిటెక్టర్‌తో పరీక్షించి, పనిచేసే చోటుకు ఇరువైపులా ఎర్త్ కట్టాకే కండక్టర్‌ను తాకండి.