విమానంలో ఫోను మాటకు అడ్డు ఎలా వచ్చింది, ఎందుకు మిగిలింది

నెల్లూరుకు గానీ ఒంగోలుకు గానీ ప్రయాణికుల విమానాశ్రయం లేదు. దగదర్తిలో వస్తుందన్న మాట ఏళ్ల తరబడి వింటున్నదే అయినా, అమెరికాలోని కొడుకు దగ్గరికో గల్ఫ్‌లోని అల్లుడి దగ్గరికో వెళ్లే మా వైపు పెద్దలు ఇప్పటికీ తెల్లవారుజామున కారెక్కి చెన్నైకి, ప్రకాశం వైపు వారైతే గన్నవరానికో శంషాబాదుకో చేరవలసిందే. ఆ ప్రయాణంలో ప్రతి మజిలీకి ఒక ఫోను ఉంటుంది. సూళ్లూరుపేట దాటామని ఒకటి, సామాను ఇచ్చేశామని ఒకటి, సీట్లో కూర్చున్నామని ఒకటి. "దిగినాక ఫోన్ చెయ్ అబ్బయా" అనే మాటతో ఫోను పెట్టేసిన తరువాత గల్ఫ్ దాకా అయితే నాలుగు గంటలు, అమెరికా దాకా అయితే దాదాపు పగలూ రాత్రీ ఏ కబురూ ఉండేది కాదు.

ఇప్పుడు అనేక విమానాల్లో వైఫై ఉంది. వాట్సాప్‌లో సందేశం వెళుతుంది, ఫొటో వెళుతుంది, కొన్ని విమానాల్లో సినిమా కూడా కదులుతుంది. కానీ కాల్ బటన్ నొక్కితే చాలా విమానాల్లో అవతల మోగదు, మోగినా మాట కలవదు. సిగ్నల్ అందలేదని మనవాళ్లు అనుకుంటారు. ఎక్కువ సందర్భాల్లో కారణం అది కాదు. ఆ కాల్‌ను విమాన సంస్థ లేదా దానికి ఇంటర్నెట్ అందించే సంస్థ తెలిసే ఆపుతోంది. అమెరికాకు చెందిన డెల్టా, అమెరికన్ ఎయిర్‌లైన్స్ వంటివి తమ వైఫైలో ఇంటర్నెట్ కాల్స్ కుదరవని ప్రయాణికులకు ముందే చెబుతాయి. ఈ అడ్డు యంత్రాల రక్షణ కోసం పుట్టింది. ఆ అవసరం ఒక్కొక్కటిగా తొలగిపోతూ వచ్చినా, పక్క సీటు మనిషి కోసం అది నిలిచిపోయింది. ఈ మార్పును గుర్తించకపోతే నేటి వివాదం అర్థం కాదు.

మొదటి భయం ఫోను వల్ల కాదు, రేడియో వల్ల. చేతిలో పట్టుకుపోగల ఎఫ్ఎం రేడియోలు వచ్చిన కొత్తలో వాటిని విమానంలో పెట్టుకుని వినేవారు. అలాంటి రేడియో ఒక స్టేషన్‌ను పట్టుకున్నప్పుడు దానిలోని ఒక భాగం ఆ స్టేషన్ కంటే 10.7 మెగాహెర్ట్జ్ ఎక్కువ పౌనఃపున్యంలో తానే సన్నగా తరంగాలు వెలువరిస్తుంది. అంటే 100 మెగాహెర్ట్జ్ స్టేషన్ వింటున్న రేడియో 110.7 దగ్గర సద్దు చేస్తుంది. విమానాలు దారి తెలుసుకోవడానికి వాడే నేల మీది కేంద్రాల సంకేతాలు 108 నుంచి 118 మెగాహెర్ట్జ్ మధ్యనే ఉంటాయి. ఆ కారణంగా 1960ల తొలినాళ్లలోనే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ అలాంటి రేడియోలను విమానంలో నిషేధించింది. ఇతర పరికరాల మీద ఆంక్షలన్నీ ఈ మూలం నుంచే పెరిగాయి.

సెల్‌ఫోను మీద వచ్చిన నిషేధం కథ వేరు. అమెరికా టెలికాం కమిషన్ 1991లో ఆకాశంలో సెల్‌ఫోన్ వాడకూడదని చెప్పినప్పుడు కాపాడదలచినది విమానాన్ని కాదు, నేల మీది టవర్లను. సెల్ వ్యవస్థలో ఒకే పౌనఃపున్యాన్ని కొంత దూరం విడిచి మళ్లీ మళ్లీ వాడుకుంటారు. నేల మీద ఉన్న ఫోను దగ్గరి టవర్లకే కనబడుతుంది గనుక ఆ పద్ధతి సాగుతుంది. పది కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఫోను మాత్రం ఒకేసారి ఎన్నో టవర్లకు కనబడి అన్నిటి లెక్కా తప్పిస్తుంది. "ఫోను ఆపకపోతే విమానం పడిపోతుందంట" అని మన ఇళ్లలో చెప్పుకునే మాటకు, ఈ నిషేధానికి సంబంధం లేదు.

ఆశ్చర్యమేమిటంటే, సెల్‌ఫోను నిషిద్ధమైన ఆ కాలంలోనే విమానంలో మాట్లాడడం నిషిద్ధం కాదు. జాన్ గోకెన్ అనే వ్యాపారవేత్త మొదలుపెట్టిన ఎయిర్‌ఫోన్ సేవ 1984 నుంచి అమెరికా విమానాల్లో ఉండేది. తరువాత ఆ ఫోన్లు సీటు వెనుక భాగంలోనే అమరాయి. క్రెడిట్ కార్డు గీసి మాట్లాడవలసిన ఆ కాల్ చాలా ఖరీదైనది గనుక ఎవరూ గంటల తరబడి మాట్లాడలేదు. పక్కవారి చెవులకు కలగవలసిన ఇబ్బందిని ధరే ఆపింది. 2001 సెప్టెంబర్ 11న హైజాక్ అయిన ఒక విమానం నుంచి ప్రయాణికులు ఇళ్లకు చేసిన కాల్స్‌లో అత్యధికం ఈ సీటు ఫోన్ల నుంచే వెళ్లాయి. విమానంలో ఫోను మాటను ఉత్త కాలక్షేపమని కొట్టిపారేసేవారు ఆ సంగతిని తలచుకోవాలని నా మనవి. ఎయిర్‌ఫోన్ సేవ 2006లో మూతపడింది. విమానంలోకి ఉపగ్రహ ఇంటర్నెట్ తెచ్చి 2004లో లుఫ్తాన్సా విమానాలతో ఆరంభమైన బోయింగ్ వారి కనెక్షన్ సేవ కూడా గిరాకీ చాలక ఆ 2006లోనే ముగిసింది.

అక్కడి నుంచి దారి రెండుగా చీలింది. యూరప్, గల్ఫ్ దేశాలు విమానంలోనే ఒక చిన్న సెల్ కేంద్రం పెట్టే పద్ధతి వైపు వెళ్లాయి. ఫోను తక్కువ శక్తితో ఆ కేంద్రంతో మాట్లాడుతుంది, అది ఉపగ్రహం ద్వారా నేలకు అందిస్తుంది, టవర్ల లెక్క తప్పే ప్రమాదం ఉండదు. 2008 మార్చి 20న దుబాయి నుంచి కాసాబ్లాంకా వెళ్తున్న ఎమిరేట్స్ విమానంలో అనుమతితో కూడిన సెల్ కాల్ జరిగింది. అదే ఏడాది యూరోపియన్ కమిషన్ 3,000 మీటర్ల పైన ఈ సేవకు నిబంధనలు ఇచ్చింది. రోమింగ్ రేట్లు బెదరగొట్టే స్థాయిలో ఉండడం వల్ల అక్కడా ధరే కాపలా కాసింది. అమెరికాలో మాత్రం 2008లో గోగో సంస్థ నేల మీది తన టవర్ల నుంచి విమానాలకు వైఫై ఇచ్చింది. మొత్తం విమానానికి కలిపి సుమారు 3 మెగాబిట్ల వేగమే ఉన్న ఆ లైనులో ఇంటర్నెట్ కాల్స్‌ను మొదటి నుంచే ఆపారు. దానికి వేగం చాలకపోవడం ఒక కారణమైతే, ప్రయాణికుల సణుగుడు రాకూడదన్న విమాన సంస్థల కోరిక ఇంకొకటి.

రెండో కారణమే అసలుదని 2013లో బయటపడింది. ఆ ఏడాది అక్టోబర్‌లో ఎఫ్ఏఏ, విమానం ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు కూడా ఫ్లైట్ మోడ్‌లోని పరికరాలు వాడుకోవచ్చని తేల్చింది. వెనువెంటనే టెలికాం కమిషన్ చైర్మన్ టామ్ వీలర్, 1991 నాటి నిషేధానికి సాంకేతిక అవసరం తీరిపోయిందని, దాన్ని ఎత్తివేద్దామని ప్రతిపాదించారు. డిసెంబర్‌లో ఆ ప్రతిపాదన 3-2 ఓట్లతో ముందుకు కదిలింది. పక్క సీటులో ఎవరో వాగుతూ ఉండడం తనకూ ఇష్టం లేదని, అయితే తమది మర్యాదలు నేర్పే కమిషన్ కాదని ఆయన అన్న మాట ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికంటే నిజాయితీగా కనిపిస్తుంది. విమాన సిబ్బంది సంఘాలు తిరగబడ్డాయి. ఇరుకు క్యాబిన్‌లో తగవులు రేగితే తీర్చవలసింది తామేనని వారి వాదన. చివరకు ప్రతిపాదన ఆగింది, 2017లో కొత్త చైర్మన్ అజిత్ పాయ్ దాన్ని విరమించుకుంటామన్నారు, 2018 అక్టోబర్ నాటి విమానయాన చట్టంలో, షెడ్యూల్డ్ విమానాల్లో ప్రయాణికులు మొబైల్ పరికరాలతో గొంతు సంభాషణ జరపకుండా నియమాలు చేయమని రవాణా శాఖను కాంగ్రెస్ ఆదేశించింది. సాంకేతిక సంస్థ వదిలేసిన తలుపును చట్టసభ మర్యాద పేరిట మూసింది.

మన దేశం ఇందుకు భిన్నమైన దారిలో నడిచింది. 1937 నాటి విమాన నియమాలు పరికరాల వాడకాన్ని కట్టడి చేసేవి. 2014లో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ వాటిని ఫ్లైట్ మోడ్‌లో వాడుకోనిచ్చింది. 2018 జనవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇచ్చిన సిఫారసులో ఇంటర్నెట్‌తో పాటు మొబైల్ సేవను కూడా విమానాల్లో అనుమతించాలని ఉంది, 3,000 మీటర్ల ఎత్తు షరతుతో. ఆ ఏడాది డిసెంబర్‌లో విమాన, నౌకా అనుసంధాన నియమాలు వెలువడ్డాయి. 2020లో విమాన నియమాలను సవరించి, పైలట్ అనుమతితో ప్రయాణికులు వైఫై వాడుకునే వీలు కల్పించారు. ఆ సెప్టెంబర్‌లో విస్తారా తన అంతర్జాతీయ విమానాల్లో వైఫై ఇచ్చి దేశంలో తొలి సంస్థ అయింది. 2025 జనవరి 1 నుంచి ఎయిర్ ఇండియా కొన్ని దేశీయ విమానాల్లోనూ ఇచ్చింది. 2024 నవంబర్‌లో జరిగిన సవరణతో మన గగనతలంలో వైఫై కూడా 3,000 మీటర్లు దాటాకనే అని ఖాయమైంది. గమనించవలసిందేమిటంటే, ఈ మొత్తం క్రమంలో మన ప్రభుత్వం మాటను ప్రత్యేకంగా వేరుచేసి అడ్డుకోవాలని తలపెట్టలేదు. అంటే మన దగ్గర మర్యాద భారమంతా విమాన సంస్థల మీద, వాటి తరువాత ప్రయాణికుల మీద ఉంది.

ఆ భారం ఇకమీద తేలికగా ఉండదు. ఇన్నాళ్లూ ఇంటర్నెట్ కాల్‌ను దూరం కూడా ఆపింది. భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల పైన ఉంటుంది గనుక మన మాట పైకి వెళ్లి కిందికి దిగేసరికి పావు సెకను, అవతలి జవాబు రావడానికి మరో పావు సెకను పడుతుంది. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఇద్దరూ ఆగి, "హలో, వినబడుతుందా" అని గొంతు పెంచడం అందుకే. ట్రంకు కాల్స్ కాలంలో పెద్దలు వీధంతా వినబడేలా అరిచినట్టే ఉంటుంది. ఇప్పుడు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తునే తిరిగే స్టార్‌లింక్ ఉపగ్రహాలతో ఆ ఆలస్యం దాదాపు పోయింది. 2024లో హవాయియన్, ఖతార్ విమాన సంస్థలు ఆ సేవను తమ విమానాల్లోకి తెచ్చాయి. మా జిల్లాల నుంచి అమెరికా దారి పట్టేవారిలో ఎందరో దోహా మీదుగానే వెళతారు గనుక ఇది మాకు దూరపు వార్త కాదు. మన దేశం కూడా వెనుకబడలేదు. విమాన ఇంటర్నెట్‌ను కూడా దృష్టిలో పెట్టుకుని చేసిన జీశాట్-ఎన్2 ఉపగ్రహం 2024 నవంబర్ 19న కక్ష్యకు చేరింది. మొన్నమొన్నటి దాకా నెల్లూరు జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి అది ఎగరలేదు. 4,700 కిలోల బరువు అప్పటికి మన ఎల్‌వీఎం3 రాకెట్ మోయగలిగిన సుమారు 4,000 కిలోలను మించడంతో అమెరికాలోని కేప్ కెనావరల్ నుంచి ఫాల్కన్-9 రాకెట్ దాన్ని తీసుకుపోయింది.

ధర తగ్గింది, ఆలస్యం తగ్గింది, టవర్ల ఇబ్బంది లేదు. మిగిలింది చెవి ఒక్కటే. ఆ చెవికి కలిగే బాధ ఊరికే ముఖం ముడుచుకోవడం కాదని పరిశోధన కూడా చెబుతోంది. చప్పుడులో ఉన్న మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచి వైద్యుడు లొంబార్డ్ 1911లోనే గుర్తించాడు. విమానంలో ఇంజన్ల, గాలి హోరు ఎనభై డెసిబెల్స్ దాటుతుంది. పాత ఫోనులో మన గొంతు మనకే కొద్దిగా వినిపించేలా ఏర్పాటు ఉండేది, ఆ వినికిడి వల్ల మనిషి స్వరం తగ్గించుకునేవాడు. చెవులు పూర్తిగా మూసేసే ఇయర్‌ఫోన్లలో అది తక్కువ. ఇక కోర్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఇద్దరి సంభాషణ మొత్తం వినబడడం కంటే ఒక వైపు మాటలే వినబడడం మన దృష్టిని ఎక్కువగా చెదరగొడుతుంది. తరువాతి మాట ఏమిటో మనసు ఊహించలేక దాని వెంటే పడుతుంది. పక్కనున్న దంపతులు కబుర్లాడుకుంటే నిద్రపోగలిగినవాడు, ఫోనులో ఒక్కరు మాట్లాడితే నిద్రపోలేకపోవడానికి కారణం ఇదే.

ఈ సంగతి మా ఊళ్లలో ఎవరూ చదవకముందే తెలుసు. నెల్లూరు ట్రంకు రోడ్డులో, ఒంగోలు ట్రంకు రోడ్డులో పసుపు బోర్డుల ఎస్టీడీ బూత్‌లు ఉన్న రోజుల్లో ఫోను ఒక అద్దాల గదిలో ఉండేది. తలుపు వేసుకుని మాట్లాడేవారు, బయట బల్ల మీద వరుసలో ఉన్నవారికి పెదవుల కదలికే కనిపించేది. ఆ గది ఇంటి గుట్టు కోసం, బయటివారి నెమ్మది కోసం కూడా. సెల్‌ఫోను చేతికి వచ్చాక గది పోయింది. సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి పది దాటాక పై బెర్తు మీది వీడియో కాల్ బోగీ అంతటినీ లేపడం చూసినవారికి, 2022 జనవరిలో రైల్వేలు గట్టిగా ఫోను మాట్లాడవద్దని ఎందుకు చెప్పవలసి వచ్చిందో వివరించనక్కరలేదు. రైల్లో తలుపు దగ్గరికైనా వెళ్లవచ్చు. విమానంలో లేచి వెళ్లడానికి చోటు లేదు.

అయినా పూర్తి నిషేధాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థించలేకపోతున్నాను, దానికి కారణం ఒక ప్రయాణం. గల్ఫ్ మీదుగా తిరిగి వస్తున్నప్పుడు నా పక్కన కందుకూరు వైపు పెద్దావిడ ఒకరు కూర్చున్నారు. వైఫై కలవగానే ఆమె స్పీకరు పెట్టి మనవడితో వీడియో కాల్ మొదలుపెట్టారు, కాల్ కలిసింది కూడా. ముందు వరుసలో ఇద్దరు వెనక్కి తిరిగారు. సిబ్బందిలోని అమ్మాయి వచ్చి, కాల్స్ వద్దని, కావాలంటే సందేశం పంపుకోవచ్చని ఇంగ్లీషులో మర్యాదగానే చెప్పింది. నేను తెలుగులో చెప్పాను. "నాకు రాయను రాదు కదా నాయనా" అన్నారు ఆమె. సందేశం పంపుకోండి అనే మర్యాద చదువు వచ్చినవారి కోసం చేసిన మర్యాద అని నాకు అప్పుడు తట్టింది. మాటను ఆపితే అందరికీ ఒకే నష్టం కాదు. అక్షరం చేతిలో ఉన్నవాడికి అది కొంచెం అసౌకర్యం, లేనివారికి తలుపు మూసినట్టే.

వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ ఎలా పంపాలో ఆమెకు చూపించాను. కాల్స్ ఆపిన చాలా విమానాల్లో కూడా అది వెళుతుంది, ఎందుకంటే అది సంభాషణ కాదు, రికార్డు చేసిన చిన్న దస్త్రం. ఆలస్యం ఉన్నా నష్టం లేదు, అవతలివారు మాట్లాడేటప్పుడు గొంతు పెంచవలసిన అవసరమూ లేదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఫోను పెదవుల దగ్గర ఆనించి, "అన్నం తిన్నావా, నేను రేప్పొద్దున వస్తా" అని నాలుగే మాటలు చెప్పారు. కొంతసేపటికి జవాబు వచ్చింది. నా ఇయర్‌ఫోన్లు ఆమె చెవిలో పెట్టాను. మనవడు ఏమన్నాడో నాకు వినబడలేదు. ఆమె దాన్ని ఆరేడుసార్లు విన్నారు, చెన్నైలో దిగేదాకా.