గిటార్ మీద గీతలు, సొట్టలు: అపోహలు - వాస్తవాలు

విశాఖలో గిటార్లు బాగుచేయడం నా పని. ఫ్రెట్లు (మెడ మీది అడ్డ లోహపు కమ్ములు) సానబెట్టడం, లేచిన బ్రిడ్జి (ఒంటి మీద తీగల కొసలు పట్టుకునే చెక్క) అతికించడం, నెక్ (పొడవాటి మెడ) సరిచేయడం రోజూ ఉండేవే. కానీ ఎక్కువ టెన్షన్‌తో వచ్చే ఫోన్లు వీటి గురించి కావు. "అన్నా, తలుపుకి తగిలి గీత పడింది, ఫొటో పంపాను చూడు" అనేవే ఎక్కువ. ఫొటో ఎంత పెద్దది చేసినా ఆ గీత ఎక్కడుందో వెతుక్కోవాలి. తీరా గిటార్ తెచ్చాక చూస్తే బ్రిడ్జి వెనక చెక్క ఉబ్బి, తీగలు చేతికి అందనంత ఎత్తుకు లేచి ఉంటాయి. దాని గురించి ఒక్క మాటా ఉండదు. భయపడాల్సిన చోట నిశ్చింతగా ఉండి, అక్కర్లేని చోట నిద్ర పాడుచేసుకుంటున్నారు.

అపోహ: గీత పడితే సౌండ్ పోతుంది

పోదు. అకౌస్టిక్ గిటార్‌లో ఆరు ఉక్కు తీగలు కలిసి సుమారు 70 కిలోల బలంతో లాగుతుంటాయి. తీగ కదలిక బ్రిడ్జి మీదుగా పైచెక్కకు చేరుతుంది, పైచెక్క గాలిని కదిలిస్తుంది. లోపల అతికించిన సన్నటి చెక్క బద్దలు (మేం బ్రేసులంటాం) ఆ చెక్కను నిలబెడతాయి. ఇవన్నీ గట్టిగా పట్టుకుని ఉన్నంతకాలం పైన పాలిష్ మీద పడ్డ గీత ఏ చెవికీ తెలియదు. ఎలక్ట్రిక్ గిటార్ సంగతి చెప్పనే అక్కర్లేదు, అక్కడ పికప్ (తీగల కింద ఉండే అయస్కాంతపు చుట్ట) పట్టేది ఉక్కు తీగ కదలికని. బండి ట్యాంకు మీద గీత పడితే మైలేజీ తగ్గదు కదా.

అమెరికా గాయకుడు విల్లీ నెల్సన్ 1969లో కొన్న మార్టిన్ ఎన్-20 గిటార్‌ని చూడండి. దాని పేరు ట్రిగ్గర్. అది నైలాన్ తీగల క్లాసికల్ గిటార్, వేళ్ళతో వాయించడానికి చేసింది, అందుకే పిక్‌గార్డ్ (తీగలు మీటే పిక్ బిళ్ళ చెక్కను గీరకుండా అతికించే పలక) లేదు. ఆయన పిక్‌తో వాయిస్తూ పోయాడు. చెక్క అరిగి అరిగి సౌండ్‌హోల్ (పైచెక్క మధ్యలోని గుండ్రటి రంధ్రం) పక్కన రెండో రంధ్రం పడింది. దశాబ్దాలుగా అదే ఆయన ప్రధాన గిటార్. క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయన్ మే సంగతి ఇంకా ముచ్చట. 1963లో తండ్రితో కలిసి గిటార్ చేయడం మొదలుపెట్టినప్పుడు, నెక్‌కి వాడింది పాత ఫైర్‌ప్లేస్ పైన ఉండే చెక్క. దానికి పడిన పురుగు రంధ్రాలను అగ్గిపుల్లలతో పూడ్చారు. ఆ గిటార్ తర్వాత ప్రపంచంలోని పెద్ద పెద్ద స్టేడియాల్లో మోగింది.

అపోహ: గీతైనా బీటైనా ఒకటే

అసలు తెలుసుకోవాల్సింది ఈ తేడా. గీత పాలిష్‌లో ఉంటుంది. సొట్ట చెక్క నొక్కుకుపోతే పడుతుంది. పెచ్చు అంటే పాలిష్ ఊడిరావడం. ఈ మూడింటితో గిటార్ హాయిగా బతుకుతుంది. బీట అంటే చెక్కే విడిపోవడం, దాన్ని వదిలేయకూడదు.

ఇంట్లోనే పోల్చుకోవచ్చు. మొదట అది ఏ దిక్కుగా పోతోందో చూడండి. గీత ఎటైనా పోతుంది, అడ్డంగానో వంకరగానో. బీట మాత్రం చెక్క పీచు వెంటే నిలువుగా పోతుంది. తర్వాత గోరు అడ్డంగా లాగండి. గోరుకి ఏమీ తగలకపోతే అది పైపొర గీతే, మర్చిపోండి. తగిలితే, దానికి అటూ ఇటూ వేలితో మెల్లగా నొక్కండి. ఒక పక్క మాత్రమే కిందికి కదిలితే అది బీట. ఇంకా అనుమానముంటే రాత్రి లైట్లు ఆపి, ఫోన్ టార్చి వెలిగించి సౌండ్‌హోల్‌లో పెట్టి బయట నుంచి చూడండి. సన్నటి వెలుగు గీత కనిపిస్తే చెక్క ఆరపార చీలిందన్నమాట.

కింద పడిన గిటార్‌కి దెబ్బ తగిలిన చోటొక్కటే చూస్తే చాలదు. పైచెక్క అంతటా వేలి కణుపుతో తట్టుకుంటూ రండి. ఒకచోట చిరచిరమని మోగితే లోపల బ్రేసు ఊడి ఉండొచ్చు. బ్రిడ్జి వెనక అంచు కిందికి మామూలు కాగితం దూర్చి చూడండి. దూరితే బ్రిడ్జి లేస్తోందన్నమాట. నెక్ ఒంటికి కలిసే మడమ దగ్గర, హెడ్‌స్టాక్ (తీగలు బిగించే మరలుండే తల) వెనక మెడ వంపు దగ్గర కూడా గోరు పరీక్ష చేయండి. చాలా గిబ్సన్ మోడళ్ళలో హెడ్‌స్టాక్ వెనక్కి 17 డిగ్రీలు వంగి ఉంటుంది. అక్కడే ట్రస్ రాడ్ (నెక్ వంగకుండా లోపల ఉండే లోహపు కడ్డీ) కోసం చెక్క తొలిచి ఉంటారు, పీచు కూడా అడ్డంగా తెగుతుంది. స్టాండుతో సహా వెల్లకిలా పడిందంటే మొదట విరిగేది అదే.

బీటని తేలితే చేయాల్సింది తీగలు వదులు చేయడం, ఆ చోట చేయి పెట్టకుండా తీసుకురావడం. అంతే. కొత్త బీట శుభ్రంగా ఉంటుంది కాబట్టి జిగురు బాగా పడుతుంది. లోపలి నుంచి చిన్న చెక్క ముక్కలు అడ్డంగా అతికిస్తే ఇంక పాకదు. నెలల తరబడి చెమట, దుమ్ము తాగిన బీటే మాకు చుక్కలు చూపిస్తుంది. మీది ప్లైవుడ్ పైచెక్క అయితే (తక్కువ ధర గిటార్లు చాలావరకు అవే) బీట పాకడం అరుదు. ఆ విషయంలో చవక గిటారే మొండిది.

హెడ్‌స్టాక్ విరిగితే గిటార్ చచ్చిపోయినట్టే అనేది కూడా అపోహే. విరిగిన ముక్కలన్నీ, చిన్న పేళ్ళతో సహా, కవర్లో వేసి తెండి. సరిగా అతికిన జాయింటు చాలాసార్లు పక్కనున్న చెక్క కంటే గట్టిగా ఉంటుంది.

అపోహ: ఇంట్లో ఉన్నవాటితో సరిచేసుకోవచ్చు

గీతల వల్ల పాడైన గిటార్ నేను చూడలేదు. గీతను మాయం చేయబోయి పాడుచేసినవి తరచూ వస్తాయి.

ఫెవిక్విక్‌తో మొదలెడదాం. మేమూ ఆ రకం జిగురు వాడతాం, కానీ గట్టి పాలిస్టర్ పూత మీద ఊడిన పెచ్చు నింపడానికి, సూది మొనంత చుక్కలుగా వేసి, ఆరాక చదును చేస్తాం. అదే జిగురు నైట్రోసెల్యులోజ్ (మేం నైట్రో అంటాం) పూత మీద కారితే పూతే కరిగి ముద్దవుతుంది. బీటలో పోస్తే రెండు పక్కలూ వంకరగా ఉండగానే పట్టేస్తుంది, ఆ తర్వాత విప్పడం నరకం. ఫెవికాల్ మంచి జిగురే. కానీ సరిగ్గా బిగించకుండా రాసి వదిలేస్తే, ఎండిన పాత పొర మీద కొత్త జిగురు అంటదు. మొత్తం గీకి తీయాల్సిందే.

టూత్‌పేస్ట్ కొంచెం గరుకు. నిగనిగలాడే పూత మీద సన్నటి గీతల్ని నిజంగానే తగ్గిస్తుంది, కానీ మ్యాట్ పూత మీద రుద్దితే ఆ చోటు మాత్రం మెరుస్తూ కొత్త మచ్చ వస్తుంది. కొబ్బరి నూనె బీటలోకి దిగితే ఇంక ఏ జిగురూ పట్టదు. కారు పాలిష్‌లో సిలికాన్ ఉంటే, రేపు టచప్ చేద్దామన్నా రంగు నిలవక కళ్ళు కళ్ళుగా విడిపోతుంది.

తడిగుడ్డ, ఇస్త్రీ పెట్టె వీడియోలు అందరూ చూసే ఉంటారు. నొక్కుకుపోయిన చెక్కకు ఆవిరి తగిలితే పీచు ఉబ్బి సొట్ట పైకి రావడం నిజమే, కానీ అది పూత లేని చెక్క మీద. మందపాటి పూతలోంచి తడి లోపలికి పోదు. వేడికి పూత తెల్లబారుతుంది, ఒక్కోసారి బుడగలు వస్తాయి. సొట్టతో పోయేది కాస్తా అరచేతి వెడల్పు మచ్చవుతుంది.

అపోహ: మొత్తం కొత్త పాలిష్ వేయిస్తే కొత్త గిటారే

ఇంటి తలుపులకు వేసే వార్నిష్ గిటార్‌కి వేయించుకొచ్చినవాళ్ళున్నారు. పైచెక్క మీద పూత ఎంత పలచగా ఉంటే అంత మంచిది, దళసరి పూత చెక్క కదలికను అణిచేస్తుంది. గీత వల్ల పోని సౌండ్ పాలిష్ వల్ల పోతుందన్నమాట. పాత, మంచి గిటార్ అయితే అసలు పూత తీసేయడంతో దాని విలువ కూడా పడిపోతుంది.

మీ గిటార్ పూత ఏమిటో తెలుసుకోవడం మేలు. ఇప్పటి గిటార్లలో ఎక్కువ భాగం పాలీయురిథేన్ లేదా పాలిస్టర్. ఇవి గట్టివి, దెబ్బ తగిలితే పెచ్చుగా ఊడతాయి. నైట్రో మెత్తన, త్వరగా గీత పడుతుంది, స్టాండు రబ్బరు తగిలినా మచ్చ పడుతుంది. కానీ దానిమీద కొత్త పూత పాతదాన్ని కొంచెం కరిగించి కలిసిపోతుంది, అందుకే టచప్ సులువు. మంచి క్లాసికల్ గిటార్లకు ఫ్రెంచ్ పాలిష్ ఉంటుంది. అంటే లక్క. యలమంచిలి దగ్గర ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మల మీద లేత్ తిప్పుతూ ఆ వేడికి కరిగించి పట్టించే లక్కనే ఈ పాలిష్ కోసం శుద్ధి చేసి, స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో పొరలు పొరలుగా రుద్దుతారు. ఎన్నిసార్లైనా మరమ్మతు చేయొచ్చు. శానిటైజర్ రాసుకున్న చేత్తో మాత్రం ముట్టకండి, లక్క స్పిరిట్‌కి కరుగుతుంది.

అపోహ: బయటికి తీయకపోతే భద్రం

గీతలు పడతాయని బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్ళకు ఒక మాట. అకౌస్టిక్ గిటార్‌కి గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే బాగుంటుంది. మన సముద్రపు ఊళ్ళో అది ఏడాదిలో చాలా రోజులు 70 దాటే ఉంటుంది. చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, పైచెక్క పొంగుతుంది, యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) పెరుగుతుంది. లాసన్స్ బే, ఆర్కే బీచ్ వైపు ఇళ్ళలో ఉప్పుగాలికి తీగలు, స్క్రూలు తుప్పు పట్టడం ఇంకో గొడవ. కేసులో పెట్టండి, సిలికా జెల్ పొట్లాలతో పాటు ఒక చిన్న తేమ మీటర్ వేయండి, వారానికి కొన్నిసార్లైనా తీసి వాయించండి. వాయించాక తీగలు తుడవండి. బీచ్‌లో వాయించి వచ్చిన రోజు ముందు ఇసుక దులపండి, ఆ తర్వాతే గుడ్డ. ఇసుక ఉండగానే గుడ్డతో తుడిస్తే పడేన్ని సన్నటి గీతలు ఏ దెబ్బకీ పడవు. అరకు వెళ్తూ ఎండలో ఆపిన కారు డిక్కీలో గిటార్ వదిలేయడం గీత కంటే వందరెట్లు ప్రమాదం. ఆ వేడికి జిగురు మెత్తబడి బ్రిడ్జి లేస్తుంది.

అపోహ: గీతలున్నాయంటే అజాగ్రత్త మనిషి

బెల్టు బకిల్ వెనక చెక్కను గీరుతుంది, పిక్ ముందు చెక్కను గీరుతుంది, మోచేయి అంచును అరగదీస్తుంది. ఇవి వాడకం గుర్తులు. ఐర్లాండ్ గిటారిస్టు రోరీ గ్యాలహర్ వాయించిన 1961 నాటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్ ఎలక్ట్రిక్ గిటార్ మీద రంగు చాలావరకు పోయి చెక్క బయటపడింది. 2024లో వేలంలో అది 8 లక్షల పౌండ్లు దాటింది. మీ గిటార్ మీద గీతలు పెంచితే రేటు పెరుగుతుందని కాదు నా ఉద్దేశం, ఆ రేటు ఆయన చేతిది. సెకండ్ హ్యాండ్‌లో మీ గీతలకు కొంత తగ్గుతుంది. నెక్ తిన్నగా, ఫ్రెట్లు నిండుగా ఉంటే ఆ తగ్గింపు కొద్దిపాటిదే.

ఫెండర్ కస్టమ్ షాప్ 1995 నుంచి కావాలనే అరగదీసిన 'రెలిక్' గిటార్లు అమ్ముతోంది. డబ్బు పెట్టి గీతలు కొనుక్కోవడం నాకు వింతగానే ఉంటుంది. కానీ వాటిని కొన్నవాళ్ళు ఎక్కడ తగులుతుందోనన్న భయం లేకుండా వాయిస్తారు, అది మాత్రం ఒప్పుకోవాలి. ఇక్కడ కొందరు పిక్‌గార్డ్ మీద కంపెనీ ప్లాస్టిక్ పొర కూడా ఏళ్ళ తరబడి తీయరు. అది అంచున లేచి జుయ్‌మంటుంటే గిటార్‌లో ఏదో లోపమని నా దగ్గరికి తెస్తారు. పొర పీకేస్తే మోత ఆగిపోతుంది.

మొదటి గీత బాధ ఉత్తిది కాదు. నెలల జీతం కూడబెట్టి కొన్నదాని మీద పడితే మనసు చివుక్కుమంటుంది. కొత్త బండికి గీత పడితే "దిష్టి పోయిందిలే" అంటారు మన పెద్దవాళ్ళు. దిష్టి సంగతి నాకు తెలియదు గానీ ఆ మాట వాడమనే నా సలహా. నా దగ్గరికి అలాంటి గీతతో ఎవరైనా వస్తే బీట కాదని చూపించి, తీగలు సరిచేసి, "వాయించు తమ్ముడూ" అని ఇచ్చేస్తాను. డబ్బులు తీసుకోను. అంతగా కళ్ళకు కొడుతోందంటే ఓ నెల ఆగి రమ్మంటాను. అప్పటికీ కావాలంటే టచప్ చేస్తాను. చాలామంది రారు.

అపోహ: ఆయుధపూజ బొట్టు తుడిస్తే పోతుంది

పాలీ పూత (పాలీయురిథేన్, పాలిస్టర్) మీద పోతుంది. పూత లేని ఫ్రెట్‌బోర్డు మీద, పలచటి మ్యాట్ పూత మీద, పెచ్చు ఊడి చెక్క బయటపడ్డ చోట పసుపు దిగిందంటే మరక ఉండిపోతుంది. గీకినా లోపలి దాకా ఉంటుంది. దసరాకి బొట్టు కేసుకి పెట్టండి.