ఆరువందల మీటర్ల ఎత్తు

1945 మే 10, 11 తేదీల్లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో, సంచాలకుడు రాబర్ట్ ఓపెన్‌హైమర్ గదిలో, అణుబాంబుకు లక్ష్యాలను ఎంపిక చేయాల్సిన సంఘం సమావేశమైంది. జర్మనీ లొంగిపోయి అప్పటికి రెండు రోజులే అయింది. ప్రపంచంలో ఎక్కడా అణుబాంబు పేలలేదు, మొదటి పరీక్షకు ఇంకా రెండు నెలలకు పైగా వ్యవధి ఉంది. ఆ సమావేశం చేపట్టిన మొదటి అంశం ఏ నగరం మీద బాంబు వేయాలన్నది కాదు, నేలకు ఎంత ఎత్తున దాన్ని పేల్చాలన్నది. యుద్ధం ముగించడానికి అణుబాంబు వాడటం ధర్మమేనా అన్న చర్చను నేను ఈ ఎత్తు దగ్గరే మొదలుపెడుతున్నాను. భౌతిక శాస్త్రపు లెక్కలా కనిపించే ఆ అంకెలోనే నైతిక నిర్ణయం చాలావరకు ఇమిడి ఉందని నా అభిప్రాయం.

గాలిలో పేలిన బాంబు నుంచి పీడన తరంగం గోళాకారంలో అన్ని దిక్కులకూ వ్యాపిస్తుంది. అది నేలను తాకి, చెరువు గట్టును కొట్టిన అల వెనక్కి మళ్ళినట్టు, పైకి తిరుగుతుంది. మొదటి తరంగం గాలిని అప్పటికే నొక్కి వేడెక్కించి ఉంటుంది కాబట్టి, వెనక వచ్చే రెండో తరంగం ఆ వేడి గాలిలో మరింత వేగంగా ప్రయాణించి మొదటిదాన్ని అందుకుంటుంది. రెండూ కలిసిపోయి, నేల మీద నిటారుగా నిలబడిన గోడలాగా ముందుకు సాగుతాయి. ఆస్ట్రియా భౌతిక శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ మాక్ పేరుతో పిలిచే ఈ తరంగమే ఇళ్ళను కూల్చేది. బాంబు నేల మీదే పేలితే శక్తిలో చాలా భాగం గొయ్యి చేయడానికే ఖర్చవుతుంది. మరీ పైన పేలితే నేలకు చేరేసరికి తరంగం బలహీనపడుతుంది. ఈ రెంటికీ మధ్య ఎక్కడో సరైన ఎత్తు ఉంటుంది, కానీ అది మనం దేన్ని కూల్చదలిచామన్నదాన్ని బట్టి మారుతుంది. దిట్టమైన కాంక్రీటు కట్టడాలను పగలగొట్టాలంటే బాంబును బాగా కిందికి దించాలి. మామూలు ఇళ్ళను వీలైనంత ఎక్కువ వైశాల్యంలో నేలమట్టం చేయాలంటే పైన పేల్చాలి.

సంఘం హిరోషిమా తరహా బాంబుకు ఎంచుకున్న కొలమానం చదరపు అంగుళానికి 5 పౌండ్ల ఒత్తిడి. ఇళ్ళు కూలడానికి ఆ ఒత్తిడి చాలు. అనుకున్న ఎత్తుకు 40 శాతం కింద పేలితే విధ్వంస వైశాల్యం 24 శాతం తగ్గుతుందనీ, 14 శాతం పైన పేలినా అంతే నష్టం జరుగుతుందనీ, కనుక పైకి పోవడం కన్నా కిందికి రావడమే క్షేమమనీ వారు లెక్క తేల్చారు. గాలిలో పేల్చడం వల్ల అగ్నిగోళం నేలను తాకదు, కాబట్టి రేడియోధార్మిక ధూళి కూడా తక్కువగా రాలుతుంది. ఈ ప్రయోజనాన్ని నేను కొట్టివేయడం లేదు. అయినా, ఎత్తును నిర్ణయించిన ప్రమాణం ఇళ్ళ పటుత్వం. యుద్ధ కర్మాగారంలోని యంత్రాల పటుత్వం కాదు.

నగరాల ఎంపికలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. క్యోటో ప్రజలు విద్యావంతులు కాబట్టి ఇలాంటి ఆయుధపు ప్రాముఖ్యాన్ని బాగా గ్రహించగలరని సమావేశపు నివేదికలో రాశారు. హిరోషిమా చుట్టూ ఉన్న కొండలు పేలుడు శక్తిని లోపలికే మళ్ళించి నష్టాన్ని పెంచవచ్చని రాశారు. క్యోటోను యుద్ధశాఖ మంత్రి హెన్రీ స్టిమ్సన్ పట్టుబట్టి తొలగించాడు, తర్వాత జాబితాలోకి నాగసాకి చేరింది. అణుబాంబు వాడకంపై ప్రభుత్వానికి సలహా ఇచ్చే తాత్కాలిక సంఘం మే 31న స్టిమ్సన్ అధ్యక్షతన సమావేశమై, ఎక్కువ మంది పనిచేసే, చుట్టూ కార్మికుల ఇళ్ళు దగ్గరదగ్గరగా ఉన్న ముఖ్యమైన యుద్ధ కర్మాగారం తగిన లక్ష్యమని అంగీకరించింది. ముందస్తు హెచ్చరిక ఉండకూడదని కూడా నిర్ణయించింది. ఆ వాక్యంలో కర్మాగారం ఉంది కాబట్టి అది సైనిక లక్ష్యమైంది, ఇళ్ళు ఉన్నాయి కాబట్టి బాంబు శక్తి లోకానికి తెలిసింది. ఈ రెండు అవసరాలనూ ఒకే వాక్యంలో తీర్చుకోగలిగిన నాడే అసలు నిర్ణయం జరిగిపోయిందని నేను నమ్ముతున్నాను.

ఆగస్టు 6 ఉదయం 8 గంటల 15 నిమిషాలకు హిరోషిమాలోని అయోయి వంతెనకు గురిపెట్టిన బాంబు, కొద్దిగా పక్కకు తప్పి, షిమా ఆసుపత్రికి సరిగ్గా పైన, సుమారు 600 మీటర్ల ఎత్తున పేలింది. అందులో ఉన్న 64 కిలోల యురేనియంలో ఒక కిలో కన్నా తక్కువే విచ్ఛిత్తి చెందింది, ఒక గ్రాము కన్నా తక్కువ ద్రవ్యరాశి శక్తిగా మారింది. అదే 15,000 టన్నుల టీఎన్‌టీ పేలుడుతో సమానమైంది. హిరోషిమాలో జపాను రెండో ప్రధాన సైన్యపు కేంద్ర కార్యాలయం ఉన్న మాట నిజం, సైనికులు వేలల్లో చనిపోయిన మాటా నిజం. అయితే, విమాన దాడుల మంటలు వ్యాపించకుండా ఇళ్ళు పడగొట్టి ఖాళీ జాగా ఏర్పాటు చేసే పనికి ఆ ఉదయం వేలమంది బడి పిల్లలను నగరంలోకి తీసుకువచ్చారు. పన్నెండు, పదమూడేళ్ళ ఆ పిల్లల్లో సుమారు 6,000 మంది చనిపోయారు. బలవంతపు పనికి తెచ్చిన కొరియన్లూ, బందీలుగా ఉన్న అమెరికన్ సైనికులూ మృతుల్లో ఉన్నారు. ఆ ఏడాది చివరికి హిరోషిమాలో సుమారు 1,40,000 మంది, నాగసాకిలో సుమారు 70,000 మంది మరణించారని అంచనా.

ఈ సంఖ్యలను చెప్పగానే వచ్చే సమాధానం మనందరికీ తెలిసిందే: బాంబు వేయకపోతే జపాను మీద దండెత్తవలసి వచ్చేది, అప్పుడు ఇంతకు ఎన్నో రెట్లు చనిపోయేవారు. ఈ వాదన తేలిగ్గా తీసుకోదగినది కాదు. అంతకు ముందే ఒకినావా ద్వీపంలో సుమారు మూడు నెలలు సాగిన పోరులో 12,000 మందికి పైగా అమెరికన్లు, లక్ష దాకా జపాను సైనికులు, వారితోపాటు దాదాపు అంతమంది పౌరులు చనిపోయారు. జపాను దక్షిణ ద్వీపమైన క్యూషూ మీద దాడికి నవంబరు 1ని తేదీగా నిర్ణయించి ఉంచారు. చైనాలో, ఆగ్నేయాసియాలో జపాను ఆక్రమణ కింద ప్రజలు రోజూ చనిపోతూనే ఉన్నారు, యుద్ధం ఒక్క వారం ముందు ముగిసినా వారిలో కొందరు బతికేవారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన సంగతి తెలిసిన తెలుగువారికి ఆ సైనిక రాజ్యం ఎక్కడో దూరపు కథ కాదు. ఆ రాజ్యం త్వరగా ఓడిపోవాలని కోరుకోవడంలో తప్పేమీ లేదు.

నాకు ఒప్పుకోవడం కష్టమయ్యేది ఆ వాదన అంకెల విషయంలో చూపే నిశ్చయం. దండయాత్ర జరిగితే అమెరికా సైన్యంలోనే పది లక్షలకు పైగా చనిపోవడమో గాయపడటమో జరిగేదని తనకు చెప్పారని 1947లో స్టిమ్సన్ ఒక వ్యాసంలో రాశాడు. అంతకు ముందు ఏడాదే, అమెరికా ప్రభుత్వపు వైమానిక దాడుల సమీక్షా బృందం, బాంబు వేయకపోయినా, రష్యా యుద్ధంలోకి దిగకపోయినా, దండయాత్ర తలపెట్టకపోయినా, 1945 డిసెంబరు 31లోపు జపాను తప్పక లొంగిపోయేదని నిర్ధారించింది. రెండూ జరగని చరిత్ర గురించిన మాటలే. శాస్త్ర ప్రయోగంలో ఒక మందు పనిచేసిందో లేదో తెలియాలంటే ఆ మందు ఇవ్వని బృందం పక్కన ఉండాలి. ఇక్కడ అలాంటిది లేకపోగా, రెండు మందులు ఒకేసారి పడ్డాయి. ఆగస్టు 6న హిరోషిమా, 8వ తేదీ రాత్రి సోవియట్ యుద్ధ ప్రకటన, 9న నాగసాకి. సోవియట్ మధ్యవర్తిత్వం మీద ఆశలు పెట్టుకున్న టోక్యోకు ఆ ఆశ కూలిపోవడం బాంబుతో సమానమైన దెబ్బ అనీ, అంతకన్నా పెద్ద దెబ్బ అనీ వాదించే చరిత్రకారులు ఉన్నారు. మరోపక్క, నాగసాకి వార్త అందిన తర్వాత కూడా జపాను అత్యున్నత యుద్ధమండలిలో ఆరుగురు ముగ్గురూ ముగ్గురుగా చీలిపోయే ఉన్నారు. చక్రవర్తి స్వయంగా కలగజేసుకుంటే తప్ప ముడి విడలేదు. లొంగుబాటు ప్రకటనలో ఆయన శత్రువు వాడిన క్రూరమైన కొత్త బాంబును పేర్కొన్నాడు. బాంబు ప్రభావం లేదనడానికి అందుకే ఎవరికీ అవకాశం లేదు, అదొక్కటే యుద్ధాన్ని ముగించిందని చెప్పడానికీ లేదు.

అదీగాక, బాంబు లేదా దండయాత్ర అని రెండే దారులను చూపించడం 1945 నాటి శాస్త్రవేత్తలకు అన్యాయం చేయడమే. జూన్ 11న, అణుబాంబు పథకంలో భాగమైన షికాగో ప్రయోగశాలలో జేమ్స్ ఫ్రాంక్ నాయకత్వంలో ఏడుగురు ఒక నివేదిక రాశారు. అందులో లియో సిలార్డ్ ఒకడు. ఒక అణువు చీలిక మరిన్ని అణువులను చీల్చుతూ పోయే గొలుసు చర్య ఊహ 1933లోనే తట్టినవాడు, 1939లో అప్పటి అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు అణుబాంబు గురించి ఐన్‌స్టైన్ లేఖ వెళ్ళడానికి మూలకారకుడు అతనే. హెచ్చరిక లేకుండా నగరం మీద బాంబు వేస్తే లోకం అమెరికాను నమ్మదనీ, ఆయుధ పోటీ మొదలవుతుందనీ, ముందుగా ఎడారిలోనో నిర్జన ద్వీపంలోనో వివిధ దేశాల ప్రతినిధుల ముందు పేల్చి చూపాలనీ ఆ నివేదిక కోరింది. అయిదు రోజుల తర్వాత ఓపెన్‌హైమర్, ఫెర్మీ, లారెన్స్, కాంప్టన్‌లు సభ్యులుగా ఉన్న శాస్త్రీయ మండలి, యుద్ధాన్ని ముగించగల సాంకేతిక ప్రదర్శన ఏదీ తమకు తోచడం లేదని జవాబిచ్చింది. ప్రదర్శన విఫలమైతే? చేతిలో ఉన్నవి రెండు మూడు బాంబులే అయినప్పుడు ఒకటి వృథా పోతే? ఈ అభ్యంతరాలు కల్పితాలు కావు. కానీ వాటికి పరిష్కారం వెదకడానికి ఎవరూ నెలల తరబడి కూర్చోలేదు. బాంబును ఎంత ఎత్తున పేల్చాలన్న దాని మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు, మనుషులు లేనిచోట పేల్చి ఎలా నమ్మించాలన్న దాని మీద పెట్టి ఉంటే ఏమయ్యేదో అన్న బాధ నన్ను వదలదు.

జూలై 12న షికాగోలో 150 మంది శాస్త్రవేత్తల అభిప్రాయం సేకరించారు. సైన్యం తనకు నచ్చినట్టు పూర్తిగా వాడుకోవచ్చని అన్నవారు 23 మంది. జపానులో ఒక సైనిక ప్రదర్శన చేసి, లొంగిపోవడానికి మళ్ళీ అవకాశమిచ్చి, ఆ తర్వాతే పూర్తిగా వాడాలన్నవారు 69 మంది. జపాను ప్రతినిధులను పిలిచి అమెరికాలోనే ప్రయోగం చేసి చూపాలన్నవారు 39 మంది. ఈ యుద్ధంలో వాడవద్దన్నవారు 16 మంది, అంతా రహస్యంగానే ఉంచాలన్నవారు ముగ్గురు. ‘సైనిక ప్రదర్శన’ అంటే జనావాసం మీద వేయడమా, కాదా అన్నది ఆ ప్రశ్నలో స్పష్టంగా లేదు. ఆ అస్పష్టతను నగరం మీద బాంబుకు మద్దతుగా చదువుకోవడం సులువైంది. అయిదు రోజుల తర్వాత సిలార్డ్ 70 మంది సంతకాలతో అధ్యక్షుడికి వినతిపత్రం పంపాడు. అది సైనిక అధికార మార్గంలోనే ఆగిపోయింది. అధ్యక్షుడు ట్రూమన్ దాన్ని చూడలేదు.

టోక్యో మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మార్చి 9, 10 తేదీల రాత్రి అగ్ని బాంబులతో ఆ నగరంలో సుమారు లక్షమందిని చంపారు, అక్కడ ఒక్క అణువునూ చీల్చలేదు. ఇళ్ళను లక్ష్యంగా చేసుకోవడానికి ఉన్న సంకోచం ఆ రాత్రే కాలిపోయింది, మే నెల లెక్కలు దాని కొనసాగింపే. అణుబాంబు దానికి తోడు తెచ్చిన కొత్త విషయం రేడియేషన్. హిరోషిమా మీద బాంబు పడి నాలుగు నెలలైనా గడవకముందే, అణుబాంబు పథకం అధిపతి జనరల్ గ్రోవ్స్, రేడియేషన్ వల్ల వచ్చేది చాలా సుఖమైన చావని వైద్యులు చెబుతున్నారంటూ సెనేట్ సంఘం ముందు అన్నాడు. కొన్నేళ్ళకే బతికినవారిలో లుకేమియా అనే రక్త క్యాన్సర్ పెరగడం కనిపించింది, ఆ తర్వాతి దశాబ్దాల్లో ఇతర క్యాన్సర్లూ వచ్చాయి. తల్లి గర్భంలో ఉండగా రేడియేషన్‌కు గురైన కొందరు పిల్లలు చిన్న తలలతో, మానసిక వైకల్యంతో పుట్టారు. ఆసుపత్రుల్లో ఎక్స్‌రే, సీటీ స్కాన్‌ల మోతాదుకు హద్దులు పెట్టడంలో ఈనాటికీ ప్రధాన ఆధారం ఈ బాధితుల మీద జరిగిన దీర్ఘకాలిక అధ్యయనమే. మన ఊరి స్కానింగ్ గదిలో సీసపు పలకల వెనక నిలబడే సాంకేతికుడి క్షేమానికీ వారి ఒంట్లోని జబ్బులే లెక్క చెప్పాయి.

నాగసాకి విషయంలో నైతిక నిర్ణయం అన్న మాట వాడటానికే నాకు మనసొప్పదు. జూలై 25న సైన్యానికి ఇచ్చిన ఉత్తర్వు నాలుగు నగరాల పేర్లు చెప్పి, మిగతా బాంబులను సిద్ధమైనప్పుడల్లా వేయమంది. రెండో బాంబుకు వేరే అనుమతి అడగనక్కర్లేదు. ఆగస్టు 11న అనుకున్న దాడిని, వాతావరణం పాడవుతుందన్న సూచన చూసి, 9వ తేదీకి జరిపారు. హిరోషిమా మీద ఏం జరిగిందో టోక్యోకు పూర్తిగా తెలిసి ఆలోచించుకునే వ్యవధి మూడు రోజులకు కుదించుకుపోయింది. మొదటి లక్ష్యం కొకురా పొగ, మబ్బుల వెనక కనిపించకపోవడంతో విమానం నాగసాకికి మళ్ళింది.

ఆ ఉత్తర్వు వెలువడిన జూలై 25న ట్రూమన్ తన దినచర్యలో, స్త్రీలు, పిల్లలు కాక సైనికులే లక్ష్యంగా ఉండాలని స్టిమ్సన్‌కు చెప్పానని రాసుకున్నాడు. ఆగస్టు 9 రాత్రి రేడియో ప్రసంగంలో హిరోషిమాను సైనిక స్థావరంగానే పేర్కొన్నాడు. మరునాడు, ఆగస్టు 10న, మూడో బాంబు వారం రోజుల్లో సిద్ధమవుతుందన్న సమాచారం వచ్చినప్పుడు, తన స్పష్టమైన అనుమతి లేకుండా ఇంకే బాంబూ వేయకూడదని ఆదేశించాడు. మరో లక్షమందిని తుడిచిపెట్టడం ఊహించలేనంత భయంకరమనీ, ‘ఆ పిల్లలందరినీ’ చంపడం తనకు నచ్చడం లేదనీ ఆయన మంత్రివర్గంతో అన్నట్టు వాణిజ్య మంత్రి హెన్రీ వాలెస్ ఆ రోజే తన దినచర్యలో రాశాడు.