బ్యాక్ స్క్వాట్: బరువు పాదం మధ్యన నిలవాలి

నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల జిమ్‌లకు పోలీసు ఉద్యోగాల కోసం సిద్ధమయ్యే యువకులు చాలామంది వస్తుంటారు. కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలో పురుషులు 1600 మీటర్ల పరుగుతో పాటు లాంగ్ జంప్ చేయాలి, 7.26 కిలోల ఇనుప గుండు విసరాలి. దూకడానికైనా విసరడానికైనా అసలు బలం మోకాలు, తుంటి ఒక్క ఊపున చాచుకోవడంలోనే పుడుతుంది. ఆ రెండు కీళ్లను కలిపి బలపరిచే వ్యాయామాల్లో, భుజాల వెనుక బార్ పెట్టుకొని కూర్చుని లేచే బ్యాక్ స్క్వాట్‌ది ముందు వరుస. పాత తాలింఖానాల్లో తీసిన బస్కీలకూ దీనికీ పోలిక ఉన్నా, తేడా పాదం దగ్గరే మొదలవుతుంది. బస్కీలో మడమలు లేచి బరువు మునివేళ్ల మీదికి వస్తుంది. స్క్వాట్‌లో మడమ నేలను వదలకూడదు.

మనిషి, బార్ కలిసిన ఉమ్మడి గరిమనాభి, అంటే మొత్తం బరువు కేంద్రీకృతమైనట్టుండే బిందువు, పాదాల పరిధిలో ఉన్నంతసేపే తూలకుండా నిలబడగలం. బార్ బరువెక్కే కొద్దీ ఆ గరిమనాభి బార్ వైపు జరుగుతుంది. అందువల్ల పెద్ద బరువుతో చేసేటప్పుడు, పక్క నుంచి చూస్తే, బార్ పాదం మధ్యభాగానికి సూటిగా పైన ఉండి, దాదాపు నిట్టనిలువు గీతలో దిగి, అదే గీతలో పైకి రావాలి. గీత తప్పితే ఏమవుతుందో లెక్క వేసి చూడవచ్చు. 60 కిలోల బార్ కిందికి లాగే బలం సుమారు 588 న్యూటన్లు. తుంటి కీలుకూ బార్‌కూ మధ్య అడ్డంగా కొలిచిన దూరం 20 సెంటీమీటర్లయితే, బార్ వల్ల తుంటిని వంచే టార్క్, అంటే కీలును తిప్పే ప్రభావం, సుమారు 118 న్యూటన్ మీటర్లు. బార్ మరో 5 సెంటీమీటర్లు ముందుకు జారితే అది 147 అవుతుంది. ఇనుము ఒక్క గ్రాము కూడా పెరగలేదు, అయినా తుంటి మీద భారం నాలుగో వంతు పెరిగింది. నడుము నొప్పితో జిమ్ మానేసేవారిలో కొందరికైనా అసలు చిక్కు బరువుతో కాక ఈ జారుడుతోనే వచ్చి ఉంటుందని నా నమ్మకం.

గీత అందరికీ ఒకటే అయినా, దాన్ని కాపాడుకునే భంగిమ మాత్రం మనిషికొక తీరుగా ఉంటుంది. తొడ ఎముక పొడవుగా, మొండెం పొట్టిగా ఉన్నవారు కిందికి దిగినప్పుడు తుంటి బాగా వెనక్కి పోతుంది కనుక, బార్‌ను పాదం మధ్యన నిలపడానికి వాళ్లు ఎక్కువ ముందుకు వంగక తప్పదు. పొట్టి తొడలున్నవారు నిటారుగానే దిగగలరు. ఆ నిటారు భంగిమను చూపించి పొడుగు తొడలవారిని మందలించడం న్యాయం కాదు. బార్ ఆనే చోటును బట్టి కూడా వంపు మారుతుంది. మెడ కింది మందపాటి కండరం మీద పెడితే మొండెం కాస్త నిటారుగా ఉంటుంది, రెక్క ఎముక గట్టు మీదికి దించితే ఎక్కువ వంగాలి. మిర్యాలగూడ రైస్ మిల్లులో బస్తా మోసే హమాలీ కూడా బస్తా మెడ దగ్గర ఉందా, వీపు మీదికి జారిందా అన్నదాన్ని బట్టే తన వంపును సరిచేసుకుంటాడు.

మోకాళ్లు కాలివేళ్లను దాటకూడదనే మాట మన జిమ్‌లలో గట్టిగా పాతుకుపోయింది. 2003లో అమెరికాలో ఫ్రై, స్మిత్, షిల్లింగ్ అనే పరిశోధకులు ఏడుగురు పురుషులతో, వారి శరీర బరువుతో సమానమైన బరువు వేసి, రెండు విధాలుగా స్క్వాట్ చేయించి కొలిచారు. మోకాళ్ల ముందు పలక అడ్డుపెట్టి వాటిని ఆపినప్పుడు మోకాలి టార్క్ సగటున 150 న్యూటన్ మీటర్ల నుంచి 117కు తగ్గింది, కానీ తుంటి దగ్గరి టార్క్ 28 నుంచి 303కు ఎగబాకింది. అంటే మోకాలికి కొద్దిగా ఊరట దొరికినందుకు తుంటి, నడుము మూల్యం చెల్లించాయి. మోకాలు ముందుకు రావడం తప్పు కాదు. అది కాలివేళ్లు చూపే దిశను విడిచి లోపలికి ఒరగడమే తప్పు. కాలివేళ్లను కొంచెం బయటికి తిప్పి, మోకాళ్లను అదే దిశలో తెరిచి దిగాలి.

లోతుగా కూర్చుంటే మోకాళ్లు చెడతాయనే భయానికి 1961లో టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ క్లైన్ ప్రచురించిన పరిశీలన ఒక మూలం. లోతైన స్క్వాట్ మోకాలి స్నాయువులను వదులు చేస్తుందని ఆయన చెప్పిన విషయం తర్వాతి అధ్యయనాల్లో నిలబడలేదు. తొడ నేలకు సమాంతరమయ్యేదాకా, కుదిరితే ఇంకొంచెం కిందికి దిగడం ఆరోగ్యమైన మోకాలికి హాని కాదు. అయితే కింద కటి ఎముక లోపలికి చుట్టుకొని నడుము గుండ్రమయ్యే ఘట్టం ఒకటి వస్తుంది. బరువుతో దిగేటప్పుడు దానికి కాస్త పైనే ఆగడం మేలు.

దిగలేకపోవడానికి చాలాసార్లు కారణం బలం చాలకపోవడం కాదు, చీలమండ బిగుసుకుపోవడం. బొటనవేలిని గోడకు 10 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, మడమ లేవకుండా మోకాలిని గోడకు తాకించి చూడండి. తాకకపోతే పిక్కలను రోజూ సాగదీయాలి. ఈలోగా మడమ ఎత్తుగా ఉండే లిఫ్టింగ్ షూ వాడవచ్చు. మెత్తటి రన్నింగ్ షూ మాత్రం వద్దు, బరువు కింద అది నలిగి పాదాన్ని తూలిస్తుంది.

ఈ ప్రాంతం వారితో తప్పక చెప్పవలసిన సంగతి మరొకటి ఉంది. కృష్ణా జలాలు నల్లా ద్వారా రాకముందు మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఊళ్లలో బోరు నీళ్లు తాగి పెరిగినవారు ఎందరో ఉన్నారు. గ్రానైట్ రాళ్లలోని ఖనిజాల నుంచి భూగర్భజలంలోకి ఫ్లోరైడ్ దిగుతుంది, అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. ఏళ్ల తరబడి మించితే స్నాయువుల్లో సున్నం పేరుకుని వెన్ను, భుజాలు బిగుస్తాయి. ఎముకల ఫ్లోరోసిస్‌ను ఊళ్లలో గుర్తించడానికి మూడు తేలిక పరీక్షలు వాడతారు: మోకాళ్లు వంచకుండా నేలమీది నాణెం తీయడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించడం, చాచిన చేతులను మోచేతి దగ్గర మడిచి తల వెనుక భాగాన్ని తాకడం. ఈ మూడో పరీక్షలో భుజం చేసే కదలిక బార్ పట్టుకునేటప్పుడు చేసే కదలికకు చాలా దగ్గర. చేతులు వెనక్కి రాని ప్రతివారికీ ఫ్లోరోసిస్ ఉన్నట్టు కాదు, ఎక్కువమందిలో అది ఉత్త బిగువే. కానీ ఆ ఊళ్లలో పుట్టిపెరిగి, భుజాలతో పాటు మెడ, నడుము కూడా వంగని వ్యక్తి అయితే శిక్షకుడు చేతులు పట్టి వెనక్కి నొక్కకూడదు, బార్ ఎత్తించకముందే డాక్టర్ దగ్గరికి పంపి ఎక్స్‌రే తీయించుకోమనాలి. డాక్టర్ సరేనంటే డంబెల్‌ను ఛాతీ ముందు పట్టుకొని చేసే స్క్వాట్‌తో మొదలుపెట్టవచ్చు.

ఊపిరి సంగతికి వస్తే, దిగే ముందు పొట్ట నిండా గాలి పీల్చి, నాలుగు వైపులా పొట్టను బిగించి, కష్టమైన ఘట్టం దాటాక వదలాలి. లోపలి ఒత్తిడి వెన్నుకు ఆసరా ఇస్తుంది. అదే ఒత్తిడి రక్తపోటునూ పెంచుతుంది. 1985లో మెక్‌డూగల్ బృందం ధమనిలోనే కొలిచినప్పుడు, రెండు కాళ్లతో బరువు నెట్టే వ్యాయామంలో అది సగటున 320/250కి చేరింది. బీపీ ఉన్నవారు డాక్టర్ అనుమతి లేకుండా ఊపిరి బిగబట్టి బరువులెత్తకూడదు.

సాధనకు ఖాళీ బార్ చాలు, అదే 20 కిలోలుంటుంది. బార్‌ను నిలువు పట్టాల్లో బిగించిన స్మిత్ మెషీన్ మీద స్క్వాట్ నేర్చుకోవద్దు, గీతను కాపాడే పని యంత్రమే చేసేస్తే శరీరం ఆ పని నేర్చుకోదు. బార్‌ను ఆనించే స్టాండులో, అంటే ర్యాక్‌లో, దాన్ని ఛాతీ మధ్య ఎత్తులో ఉంచి, అడ్డ కడ్డీలను మీరు దిగే అట్టడుగు స్థాయికి కాస్త కింద బిగించుకోవాలి, లేవలేకపోతే బరువు వాటి మీద ఆగుతుంది. తుంటి ఎత్తులో ఫోన్ పెట్టి పక్క నుంచి వీడియో తీయండి. లేచేటప్పుడు తుంటి ముందు లేచి ఛాతీ వెనకబడుతోందా, మడమ కదులుతోందా, బార్ గీత ముందుకు వంకర తిరుగుతోందా చూసి, ఒక్కోసారి ఒక్క లోపాన్నే దిద్దుకోండి. ఐదేసి సార్ల చొప్పున మూడు సెట్లూ ఒకే గీతలో వస్తే తర్వాతిసారి 2.5 కిలోలు పెంచవచ్చు. చివరి సెట్‌లో గీత చెదిరితే అదే బరువుతో మళ్లీ చేయాలి.