యుద్ధం ఆగాక ఆసుపత్రి ఎలా నిలబడుతుంది: సియెర్రా లియోన్ గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

2002 జనవరి 18న, రాజధాని ఫ్రీటౌన్‌కు నీటి పాయ ఆవలనున్న లుంగీలో తుపాకులను కుప్పపోసి తగలబెట్టి, పశ్చిమాఫ్రికా దేశమైన సియెర్రా లియోన్ ప్రభుత్వం దాదాపు పదకొండేళ్ల అంతర్యుద్ధం ముగిసిందని ప్రకటించింది. ప్రజారోగ్య వైద్యుడిగా ఆ దేశపు జిల్లాల్లో కొన్నేళ్లు పనిచేశాను. సెలవుకు ఇంటికి వచ్చినప్పుడల్లా బంధువులు, తోటి వైద్యులు అడిగే ప్రశ్నల్లో కొన్ని అపోహలు మళ్లీ మళ్లీ వినిపిస్తుంటాయి.

అపోహ: యుద్ధానంతర వైద్యమంటే ముఖ్యంగా గాయాలకు చేసే చికిత్స.

తిరుగుబాటుదారులు చేతులు నరికిన మనుషుల ఫొటోలనే ప్రపంచం చూసింది కాబట్టి ఇలా అనుకోవడం సహజం. వారికి శస్త్రచికిత్స, కృత్రిమ అవయవాలు, బతుకుదెరువు అన్నీ కావలసిందే. అయితే ఆరోగ్య కేంద్రం వరండాలో ఎక్కువగా కనిపించేది మలేరియాతో మూలిగే పసివాళ్లు, విరేచనాలతో కళ్లు లోతుకుపోయిన బిడ్డలు, నొప్పులు మొదలై రెండు రోజులైనా కాన్పు కాని తల్లులు. టీకాల బండి ఆగిపోవడం వల్ల, నర్సు ఊరు వదిలి పారిపోవడం వల్ల పోయే ప్రాణాల మీద తూటా గుర్తు ఉండదు గనుక అవి యుద్ధ మరణాల లెక్కకు ఎక్కవు.

అపోహ: కూలిన భవనాలు కట్టిస్తే సగం పని అయినట్టే.

భవనాలంటే దాతలకు ఇష్టం, శిలాఫలకం వేయించుకోవచ్చు. నేను చూసిన ఒక కేంద్రంలో గోడల రంగు కొత్తగా ఉండగానే టీకాల ఫ్రిజ్ ఆగిపోయింది. దాని బ్యాటరీ మార్చడానికి ఏ పద్దులోనూ డబ్బు లేదు. నర్సు టీకా సీసా మీది గుర్తు చూపించింది: వృత్తం మధ్యనున్న లేత చతురస్రం వృత్తమంత ముదురుగా మారింది, అంటే మందు వేడికి పాడైంది. మన ఏఎన్‌ఎంలు బుధవారం, శనివారం టీకా వేసే ముందు చూసుకునే గుర్తే అది. బిడ్డలను వీపున కట్టుకుని తెల్లవారుజామున బయలుదేరి వచ్చిన తల్లులను ఆమె వెనక్కి పంపవలసి వచ్చింది.

అపోహ: వైద్యం ఉచితం చేస్తే చాలు, జనం వాళ్లంతట వాళ్లే వస్తారు.

2010 ఏప్రిల్ 27న గర్భిణులకు, బాలింతలకు, ఐదేళ్లలోపు పిల్లలకు ప్రభుత్వ వైద్యంలో రుసుములు రద్దు చేశారు. నా దృష్టిలో ఆ రోజుకంటే దాని ముందటి నెలలు ముఖ్యమైనవి. జీతం చాలని, కొందరికైతే అసలే అందని సిబ్బంది రోగి చేతి డబ్బుతోనే ఇల్లు గడుపుకునేవారు. ఆ దారి మూసేసి జీతం మాట ఎత్తకపోతే వసూళ్లు బల్ల కిందికి వెళ్లేవి. అందుకే ముందుగా జీతాల పట్టికను వడపోసి, వందల బోగస్ పేర్లను తీసేసి, దాతల సాయంతో జీతాలను బాగా పెంచారు. పథకం మొదలవగానే పిల్లల వరుసలు అమాంతం పెరిగాయి.

మందుల సరఫరా మాత్రం ఆ వేగాన్ని అందుకోలేకపోయింది. "ఉచితం" అన్న బోర్డు కిందే గ్లౌజులు కొనుక్కు రమ్మని చీటీ రాసిచ్చిన సందర్భాలు నేను చూశాను. రాసిన నర్సును తిట్టడం తేలిక, సరుకుల కోసం ఆమె పంపిన ఇండెంటు ఎక్కడ ఆగిందో వెతకడం కష్టం. 2013 జాతీయ సర్వే లక్ష సజీవ జననాలకు 1,165 ప్రసూతి మరణాలు ఉన్నట్టు అంచనా వేయగా, 2019 సర్వేలో అది 717కు తగ్గింది. తగ్గుదలే, కానీ అదీ భయపెట్టే అంకె.

అపోహ: విదేశీ డాక్టర్లు వెళ్తే కొరత తీరుతుంది.

నాలాంటివాళ్లు ఒప్పందం ముగియగానే విమానం ఎక్కుతారు. 2011 నుంచి అక్కడ కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లలో కొందరికి సిజేరియన్, హెర్నియా వంటి శస్త్రచికిత్సలలో శిక్షణ ఇస్తున్నారు. ఎంబీబీఎస్ లేనివాడి చేతికి కత్తి ఇస్తారా అని మన డాక్టర్లు ముఖం చిట్లిస్తారు. అర్ధరాత్రి జిల్లా ఆసుపత్రిలో దొరికేది అతనొక్కడే అని నేను జవాబు చెబుతాను.

అపోహ: మనసుకు తగిలిన గాయాలను కాలమే మాన్పుతుంది.

క్రియో భాషలో పలకరింపే "అవ్ ది బాడీ?", ఒంట్లో ఎలా ఉందని. జవాబు కూడా ఒంటి మాటల్లోనే వస్తుంది: తలపోటు, గుండెదడ, నిద్ర పట్టకపోవడం. యుద్ధం తరువాత ఏళ్ల తరబడి దేశం మొత్తానికి ఒక్కరే మానసిక వైద్యులు ఉండేవారు, ఫ్రీటౌన్‌లోని కిస్సీ మానసిక వైద్యశాలలో రోగులను గొలుసులతో కట్టేవారు.

అపోహ: పుష్కరకాలం గడిస్తే వ్యవస్థ కోలుకున్నట్టే.

ఆపరేషన్ ఖుక్రీ గుర్తున్నవారికి కైలాహున్ పేరు తెలిసే ఉంటుంది. 2000లో ముట్టడిలో చిక్కిన మన శాంతిసైనికులను విడిపించింది అక్కడి నుంచే. 2014 మేలో సియెర్రా లియోన్‌లో ఎబోలా తొలిసారి బయటపడింది ఆ జిల్లాలోనే. కెనెమా ప్రభుత్వ ఆసుపత్రిలో లస్సా జ్వరం (ఎబోలాలాగే వైరస్ వల్ల వచ్చే జ్వరం) విభాగాన్ని నడిపిన డాక్టర్ షేక్ హుమర్ ఖాన్ జూలై 29న ఎబోలాతోనే మరణించారు. మొత్తం మీద రెండు వందల మందికి పైగా ఆరోగ్య సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. వెళ్తే తిరిగిరామన్న భయంతో గర్భిణులు సైతం ఆసుపత్రి గడప తొక్కడం తగ్గించారు.

అప్పుడు దెబ్బతిన్న నమ్మకాన్ని కొంతైనా నిలబెట్టినది ఖననాల తీరు మార్చడమని నేను అనుకుంటున్నాను. శవం నుంచి కూడా ఎబోలా సోకుతుంది గనుక మొదట్లో తెల్లటి రక్షణ దుస్తుల వాళ్లు శవాన్ని సంచిలో పెట్టి తీసుకుపోతే కుటుంబానికి సమాధి ఎక్కడో కూడా తెలిసేది కాదు, అందుకే మరణాలను దాచేవారు. తరువాత ఇమాములతో, పాస్టర్లతో మాట్లాడి పద్ధతి మార్చారు. నేను వెళ్లిన ఒక ఊళ్లో ఇద్దరు కొడుకులు కొన్ని గజాల దూరంలో నిలబడి తండ్రికి ప్రార్థన చదివారు, వాళ్లిచ్చిన కఫన్ గుడ్డను మా బృందమే సంచిలో ఉంచింది. అంతవరకు ఒక్క చావు కబురూ చెప్పని ఆ ఊరి నుంచి, మరో ఇంట్లో ముసలమ్మ చనిపోయిందని వారం తిరక్కముందే ఎబోలా సమాచారం ఇచ్చే 117 నంబరుకు ఫోన్ వచ్చింది.