"ఇంకో మూడు నెలలు చూద్దాం" అనే మాట వెనక

ఆర్నెల్లొచ్చినా బిడ్డ మెడ నిలపకపోతే తిరుపతి పక్క పల్లెల్లో అవ్వలు "వాళ్ల నాయనా ఆలస్యంగానే నడిచినాడులే" అంటారు. డాక్టర్ల మాట కూడా చాలాకాలం అదే: "ఇంకో మూడు నెలలు చూద్దాం." అవ్వను తప్పుపట్టడం సులువు. అది సెరిబ్రల్ పాల్సీ (పసితనంలోనే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు పట్టు తప్పడం) కావొచ్చని తెలిసీ డాక్టరు ఎందుకలా అన్నాడన్నదే అసలు కథ.

1861లో లండన్ సర్జన్ విలియం లిటిల్, ఇలా పిల్లల కాళ్లూచేతులూ బిగుసుకుపోవడానికి కాన్పు కష్టమై ఊపిరి అందకపోవడమే కారణమన్నాడు. "పుట్టగానే ఏడవలేదు, ఉమ్మనీరు తాగేశాడు" అని మనం చెప్పుకునేదీ దాదాపు అదే. 1897లో ఫ్రాయిడ్ (అవును, కలలకు అర్థాలు చెప్పిన మనోవైద్యుడు ఫ్రాయిడే) అడ్డం తిరిగాడు: లోపం కడుపులోనే ఉండి, దానివల్లే కాన్పు కష్టమై ఉండొచ్చు కదా అని. 1980ల్లో అమెరికాలో వేలాది కాన్పుల లెక్కలు తీశాక గానీ ఆ మాటకు బలం రాలేదు.

ఆ లెక్కల్లోనే ఇంకోటి తేలింది. ఏడాది వయసులో సెరిబ్రల్ పాల్సీ అని డాక్టర్లు తేల్చిన పిల్లల్లో సగానికి పైగా ఏడేళ్లకు మామూలుగా తిరుగుతున్నారు. తొందరపడి తల్లికి టెన్షన్ పెట్టడం దేనికని డాక్టర్లు ఆగారు. అప్పటికది న్యాయమే. ఇప్పుడు కాదు.

ఎందుకంటే 1997లో, పసిపిల్లల కదలికల మీద పరిశోధించిన డాక్టర్ ప్రెక్టల్ బృందం, మూడు నుంచి ఐదు నెలల బిడ్డ ఊరికే పడుకుని కదిలే తీరులోనే జవాబుందని చూపించింది. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి కొన్ని నిమిషాలు వీడియో తీస్తారు. పలకరించకూడదు, గిలక ఊపకూడదు, ఏడుపు మొదలైతే మళ్లీ తీయాల్సిందే. మెడ, మణికట్లు, చీలమండలు సన్నగా, అన్ని వైపులకూ, ఆగకుండా కదలాలి. ఆ కదలిక లేకపోతే అనుమానించాలి. దీనికి ఎంఆర్‌ఐ, నరాల పరీక్ష కలిపితే ఆర్నెల్లలోపే చెప్పొచ్చని 2017లో అంతర్జాతీయ నిపుణులు తేల్చారు. ఖాయం కాకపోయినా "రిస్క్ ఎక్కువ" అని చెప్పి థెరపీ మొదలుపెట్టమన్నారు. మెదడు తొలి నెలల్లో నేర్చినంత త్వరగా తర్వాత నేర్వదు మరి.

తిరుపతిలో టీటీడీ వారి బర్డ్ ఆసుపత్రి పోలియో పిల్లల ఆపరేషన్లతో పేరు తెచ్చుకుంది. సెరిబ్రల్ పాల్సీ పిల్లలూ అక్కడికి వస్తారు. కానీ కాళ్లు కత్తెరలా పడ్డాక చేసే ఆపరేషన్ వేరు, మూడో నెలలో పట్టుకోవడం వేరు. పిల్లల్లో లోపాలను ముందే పట్టుకోవడానికి 2013లో వచ్చిన ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కేలో ఆశా కార్యకర్త నెలన్నర దాకా ఇంటికొచ్చి చూస్తుంది, ఆ తర్వాత అంగన్‌వాడీకి డాక్టర్ల టీమ్ ఏడాదికి రెండుసార్లు వస్తుంది. ఆ కదలికలు కనిపించే నెలలు సరిగ్గా ఈ రెంటి సందులో పడతాయి.